కారబోయే నీళ్లకే కాపలా పని

ఇంజనుతో తిప్పే ప్రతి పంపుకూ తయారు చేసినవాళ్లే కావాలని పెట్టిన చిల్లు ఒకటి ఉంటుంది. ఫ్యాను నీళ్లలో తిరగాలి, దాన్ని తిప్పే ఇంజను బయట పొడిగా ఉండాలి. రెంటినీ కలిపే షాఫ్టు పంపు గోడను దాటక తప్పదు. అది తిరగాలంటే చిల్లు షాఫ్టు కన్నా కాస్తయినా పెద్దదిగా ఉండాలి. సంగారెడ్డి జిల్లా నాగల్‌గిద్ద వైపు, చెరుకుకు డీజిల్ ఇంజనుతో నీళ్లు పెట్టే ఇళ్ల పిల్లలకు పీడనం పాఠం చెబుతుంటే, ఓ అమ్మాయి ఆ చిల్లునే పట్టుకుంది. "సార్, షాఫ్టు తిరుగుతనే ఉంటది గదా, అది బయటికొచ్చిన కాడ నీళ్లెందుకు కారవు?"

మొదటి జవాబు తాడు. షాఫ్టు చుట్టూ ఉన్న గూట్లో గ్రీజు, గ్రాఫైటు పట్టించిన తాడును చుట్లుగా కూరి, పైన గ్లాండు అనే బిగింపు మూత పెట్టి బోల్టులు బిగిస్తారు. నొక్కుడుకు తాడు పక్కలకు ఉబ్బి షాఫ్టును పట్టుకుంటుంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో శామ్యూల్ మోర్లాండ్ చేసిన పంపుల నాటికే ఈ ఏర్పాటు ఉంది. అయితే తాడు నీటిని పూర్తిగా ఆపకూడదు. చుక్కచుక్కగా కారే నీరే దాన్ని చల్లగా ఉంచుతుంది. చుక్క కూడా పడొద్దని బిగిస్తే తాడు మాడి గట్టిపడుతుంది, షాఫ్టు మీద గాడి పడుతుంది, ఆ తర్వాత చుక్కలు పోయి ధారే మిగులుతుంది. తాడు మార్చేటప్పుడు పొడుగు తాడును మెలికలుగా చుట్టి కూరితే, ఆ మెలిక వెంటే నీరు దారి చేసుకుంటుంది. విడివిడి చుట్లుగా కోసి, అతుకు మీద అతుకు రాకుండా వేయాలి.

తాడుకున్న అసలు లోపం వేరే. దాని బిగింపు మనం పెట్టింది. లోపల ఒత్తిడి పెరిగినా తగ్గినా దానికి తెలియదు. తాళాల తయారీలో పేరుమోసిన లండన్ పనిమంతుడు జోసెఫ్ బ్రామా 1795లో సరిగ్గా ఇక్కడే చిక్కుకున్నాడు. చిన్న పంపుతో నీటిని నొక్కి, ఆ ఒత్తిడితో లావుపాటి స్తంభాన్ని లేపే హైడ్రాలిక్ ప్రెస్‌కు ఆయన పేటెంటు తీసుకున్నాడు. సూత్రంలో ఏ లోటూ లేదు. తంటా అంతా స్తంభం చుట్టూ ఉన్న సందుతోనే. ప్యాకింగు వదులుగా ఉంటే నీళ్లు చిమ్మేవి. బాగా బిగిస్తే, ఒత్తిడి తీసేశాక కూడా స్తంభం కిందికి దిగేది కాదు.

ముడి విప్పింది ఆయన దుకాణంలోనే పనిచేస్తున్న హెన్రీ మాడ్‌స్లే అంటారు. అప్పటికి పాతికేళ్లు కూడా లేని కుర్రవాడు. తోలును నానబెట్టి, మధ్యలో మడత వచ్చేలా వంచి, ఆ మడత నోరు నీటివైపు తెరుచుకునేలా స్తంభం చుట్టూ అమర్చాలన్నది ఆ ఆలోచన. బయటికి రాబోయే నీరు ముందు ఆ మడతలో దూరుతుంది. దూరి ఒక అంచును స్తంభానికి, రెండో అంచును గోడకు అదుముతుంది. ఒత్తిడి ఎంత పెరిగితే అంత గట్టిగా అదుముతుంది, తగ్గితే పట్టు తనంతట తనే వదులుతుంది. బిగించే బోల్టు లేదు, బిగించే మనిషీ అక్కర్లేదు. తప్పించుకోబోయే నీటికే కాపలా పని అప్పగించాడు!

ఈ ఘనత మాడ్‌స్లేదేనని తర్వాత ఆయన దగ్గర పనిచేసిన జేమ్స్ నాస్మిత్ గట్టిగా చెప్పాడు. ఆ తోలును మెరుగుపరిచిన పేరు వేరేవాళ్లకూ ఇస్తారు. నేను మాత్రం మాడ్‌స్లే పక్షమే. వారానికి 30 షిల్లింగులున్న జీతాన్ని పెంచమని అడిగితే బ్రామా కాదన్నాడు. 1797లో మాడ్‌స్లే బయటికొచ్చి సొంత దుకాణం పెట్టాడు. మరలు కోసే లేతు యంత్రంతో ఆయన పేరు లోకమంతా తెలిసింది ఆ తర్వాతే.

ఆ తోలు మనకు కొత్తేమీ కాదు. ఇండియా మార్క్-2 బోరింగులో పిస్టన్‌కు మొదట్లో వేసిన తోలు వాషర్ ఆ తీరుదే. సైకిలుకు గాలి కొట్టే పాత పంపులో ఉన్నదీ అదే.

తిరిగే షాఫ్టుకు వచ్చేసరికి ఆ మడతే ఆయిల్ సీల్ అయింది. జర్మనీలోని వైన్‌హైమ్‌లో 1849లో తోళ్లు పదును చేసే పనితో మొదలైన ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ, 1930ల తొలినాళ్లలో వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీరు పేరుతో తోలు సీలు చేసింది. కొన్నేళ్లకే తోలు పోయి కృత్రిమ రబ్బరు వచ్చింది. రబ్బరు పెదవి, దాన్ని షాఫ్టుకు ఆనించే సన్నని చుట్టు స్ప్రింగు, అంతే సరంజామా. కానీ 1957లో జాగర్ అనే పరిశోధకుడు ఒక వింత చూపించాడు. తిరుగుతున్నప్పుడు పెదవి షాఫ్టును తాకడం లేదు, మధ్యలో పల్చని నూనె పొర ఉంది. మరి ఆ నూనె బయటికి ఎందుకు రాదు? పెదవికి నూనెవైపు వాలు నిటారుగా, గాలివైపు వాలు ఏటవాలుగా ఉంటుంది. షాఫ్టు లాగినప్పుడు రబ్బరు మీది కంటికి కనిపించని గరుకుతనం ఈ తేడా వల్ల ఒకవైపు ఎక్కువగా సాగి, జారిన నూనెను మళ్లీ లోపలికే నెడుతుంది. అంటే సీలు కూడా ఒక బుల్లి పంపే. తిరగేసి బిగిస్తే అది నూనెను శ్రద్ధగా బయటికి తోడిపోస్తుంది.

అందుకే బిగించేటప్పుడు మొదటి నియమం: స్ప్రింగు కనిపించే ముఖం ఆపాల్సిన ద్రవం వైపు ఉండాలి. ఇంజను సీలు ముఖం నూనెవైపు, పంపు సీలు ముఖం నీళ్లవైపు. చాలా పంపుల్లో ఈ రెంటి నడుమ ఖాళీ, దాని అడుగున చిన్న రంధ్రం ఉంటాయి. అందులోంచి నీరు కారితే పంపు సీలు పోయినట్టు, నూనె కారితే ఇంజనుది. షాఫ్టు మీద తాళంచెక్క గాడి అంచు బ్లేడంత పదును కనక, దానికి పల్చని కాగితం చుట్టి సీలు దాటించాలి. పాత పెదవి షాఫ్టు మీద గీత తీసి ఉంటే, కొత్తదాన్ని ఒక పిసరు పక్కకు కూర్చోబెట్టాలి. బేరింగు ఆడుతుంటే సీలు ఒక్కటే మార్చడం డబ్బు దండగ.

ఇన్ని చేసినా వేసవిలో పంపు నీళ్లు లేపకపోవచ్చు. మంజీర నదిలో నీళ్లు దిగినకొద్దీ పంపు ఎక్కువ లోతు నుంచి పీల్చాలి. గాలి ఒత్తిడి లెక్కన 10.3 మీటర్లు హద్దు, పనిలో ఆరేడు మీటర్లు దాటితే కష్టమే. అప్పుడు కొన్ని పంపుల్లో షాఫ్టు దగ్గర ఒత్తిడి బయటి గాలికన్నా తగ్గుతుంది. దాడి దిశ మారిపోతుంది. నీళ్లు బయటికి రావు, గాలే లోపలికి దూరుతుంది. మాడ్‌స్లే మడతకు ఒక్క వైపే తెలుసు. వెనకనుంచి వచ్చే గాలికి దాని పట్టు సడలుతుంది. కొత్త సీలు కొనేముందు ఇంజనును నీళ్లకు దగ్గరగా దించి చూడాలి.

తర్వాతి కథ తొందరగా ముగుస్తుంది. అద్దంలా నునుపు చేసిన కార్బన్, సిరామిక్ బిళ్లలు ఒకదానిమీద ఒకటి తిరిగే మెకానికల్ సీలు వచ్చింది. బోరు పంపు తిప్పే మోటరునే నీళ్లలో ముంచేసింది. అక్కడా మోటరులోకి ఇసుక రాకుండా సీలు కావాల్సిందే. అదే సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్‌లో 2022లో బసవేశ్వర ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగింది. అంత పెద్ద పథకాల పంపులకైనా ఆ అమ్మాయి అడిగిన చిల్లు తప్పదు. ఏ సీలు చేతికొచ్చినా ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఒత్తిడి ఎటునుంచి వస్తోంది?