ఉప్పు తగిలిన బంగారం



బంగారమంటే మనకి పసుపుపచ్చ రంగే గుర్తొస్తుంది. కాని దాన్ని మిల్లీమీటరులో లక్షో వంతు ఉండే రేణువులుగా చేసి నీళ్లలో ఉంచితే, నీళ్లు దానిమ్మరసంలా ఎర్రబడతాయి. గర్భం నిలిచిందో లేదో ఇంట్లోనే చూసుకునే పట్టీలున్నాయి చూశారూ, చాలావాటిలో ఆ ఎర్రగీత ఈ బంగారు రేణువులదే.

లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే 1857లో ఈ ఎర్రనీళ్లను పరిశీలించాడు. ఉప్పు వేస్తే అవి నీలంగా మారాయి. ఎందుకంటారా? రేణువులన్నిటి మీదా ఒకే జాతి విద్యుత్తు ఉండడంవల్ల అవి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. ఉప్పు ఆ నెట్టుడును అణిచేస్తుంది. దాంతో అవి ముద్దకట్టి రంగు మారతాయి.

మరి మన రక్తంలోనూ ఉప్పుంది కదా! ఆసుపత్రిలో ఎక్కించే మామూలు సెలైన్‌లో లీటరుకి 9 గ్రాముల ఉప్పుంటుంది. ఈ రేణువులచేత ఒంట్లోకి మందు మోయించాలని చూసే శాస్త్రజ్ఞులకి ఇదే చిక్కు. అందుకని వాటికి పాలిమర్ పొర తొడుగుతారు. అలాంటి పాలిమర్ ఒకదాన్ని పొట్టిగా పినిపామ్ అంటారు. చల్లని నీళ్లలో అది నానిన సబ్జాగింజ చుట్టూ ఉండే జిగురులా ఉబ్బి, రేణువుల్ని అంటుకోనివ్వదు. వేడి సుమారు 32 డిగ్రీలు దాటితే మాత్రం నీళ్లు వదిలేసి ముడుచుకుంటుంది.

శుద్ధమైన నీళ్లలో పొర ముడుచుకున్నా ఫరవాలేదు, విద్యుత్తు రేణువుల్ని ఎడంగా ఉంచగలదు. ఉప్పునీళ్లలో అయితే ఆ రెండో ఆసరా కూడా పోతుంది. పైగా ఉప్పు పెరిగేకొద్దీ పొర 32 కంటే తక్కువ వేడికే ముడుచుకుంటుంది. మన ఒంటి వేడేమో 37! పొర ఒత్తుగా ఉంటే, చల్లార్చినప్పుడు అది మళ్లీ ఉబ్బి రేణువులు విడిపోతాయి. కాని మన ఒంటిని చల్లార్చలేం కదండీ.

ఉప్పులన్నీ ఒక్కలాంటివీ కావు. సల్ఫేటు జాతి ఉప్పులు వంటుప్పు కంటే తక్కువ మోతాదులోనే పొరను ముడిచేస్తాయి. కోడిగుడ్డు తెల్లసొన మీద ఏ ఉప్పు ఎంత బలంగా పనిచేస్తుందో ప్రాగ్ నగరంలో హాఫ్‌మైస్టర్ 1888లోనే వరస కట్టి చూపించాడు. ఇక్కడా ఇంచుమించు అదే వరస.

కనుక “బంగారు రేణువులతో కొత్త వైద్యం” అని ఎక్కడైనా చదివితే మురిసిపోయే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: పరీక్షించింది శుద్ధమైన నీళ్లలోనా, రక్తమంత ఉప్పుగా, ఒంటిమల్లే వెచ్చగా ఉన్న నీళ్లలోనా? రేణువులు చెదరకుండా నిలుస్తాయో లేదో తేలేది అక్కడే.