పాత తోలు మీద మిషను పువ్వులు

చాలా ఇళ్ళలో అటక మీద ఒక పాత తోలు సంచి ఉంటుంది. జిప్పు పోయింది, పట్టీ తెగింది. పారెయ్యడానికి మనసు రాదు. వాడదామంటే పనికిరాదు. పట్నంలో పాత సామాన్ల బజారుకి పోతే ఇలాంటివి కుప్పలుగా ఉంటాయి. పాత కోట్లు, బెల్టులు, సోఫాల మీద నుంచి ఊడదీసిన తోలు. వీటిలో చాలా తోలు ఇంకా గట్టిగానే ఉంటుంది. పైన మాసింది, అంతే. దాన్ని కోసి, మిషను మీద తీగలూ పువ్వులూ కుట్టి, చిన్న పర్సు చెయ్యవచ్చు. కళ్ళజోడు సంచి చెయ్యవచ్చు. ఇంట్లో మామూలు కుట్టుమిషను ఉంటే చాలు.

కాని తోలు గుడ్డ కాదు. ఈ సంగతి మరిచిపోతే పని చెడుతుంది.

గుడ్డలో ఏముంటాయి? నిలువు పోగులు, అడ్డు పోగులు. సూది దిగితే పోగులు పక్కకి జరుగుతాయి. కుట్టు విప్పితే మళ్ళీ దగ్గరికి వస్తాయి. అందుకే గుడ్డ మీద తప్పు కుట్టినా విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. తోలులో అలా పోగులు ఉండవు. సన్నని నారలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. సూది వాటిని చీల్చుకుని దిగుతుంది. పడిన చిల్లు ఇక పూడదు. విప్పినా చిల్లు కనిపిస్తూనే ఉంటుంది.

పోస్టాఫీసులో స్టాంపుల కాగితం చూశారా? స్టాంపుకీ స్టాంపుకీ మధ్య వరసగా చిల్లులు ఉంటాయి. అక్కడ పట్టి లాగితే చిరిగిపోతుంది. తోలు మీద దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే అదే జరుగుతుంది. పువ్వు రేకు చుట్టూ చిల్లులు పడి, రేకు ముక్కగా ఊడి చేతిలోకి వస్తుంది. చీర మీద వేసినట్టు నిండుగా దారం నింపే పని తోలుకి పనికిరాదు. గీతల పని కావాలి. మామిడి పిందె అంచు, పాకే తీగ, వీధి వాకిట్లో వేసే మెలికల ముగ్గు. ఇవి తోలు మీద బాగా కుదురుతాయి. అంగుళానికి 8 కుట్లు చాలు. అంతకంటే దగ్గర చెయ్యవద్దు.

తోలు ఎంచుకోవడం

బజారులో తోలు అని చెప్పి రెగ్జిన్ అమ్ముతారు. ముక్కని తిరగేసి చూడండి. కింద గుడ్డ నేత కనిపిస్తే అది రెగ్జిన్. నూగులా, నారలా గరుకుగా ఉంటే తోలు. రెగ్జిన్ పాతబడితే పైపొర పొరలు పొరలుగా రాలిపోతుంది. దాని మీద ఎంత కష్టపడినా వృథా.

తోలు అయినా సరే, ఒకసారి మడిచి వేళ్ళతో నొక్కండి. మడత దగ్గర పగిలి పొడి రాలితే ఆ తోలు ఎండి చచ్చింది. నూనె రాసినా బతకదు. కొనవద్దు. మందం కూడా చూసుకోవాలి. నాలుగు పోస్టుకార్డులు పేర్చినంత మందం దాటితే ఇంటి మిషను దాన్ని కుట్టలేదు. కోట్ల తోలు, సంచుల తోలు పలచగా ఉంటుంది. బెల్టు తోలు, చెప్పు అడుగు తోలు వద్దు.

తోలు సంగతి ఊళ్ళో అందరికంటే బాగా తెలిసింది చెప్పులు కుట్టే పెద్దాయనకి. ముక్క తీసుకెళ్ళి అడగండి. తోలు ముట్టుకుంటే మైల అనే మాట కొన్ని ఇళ్ళలో ఇంకా వినిపిస్తుంది. గుళ్ళో మోగే మృదంగానికి ఉన్నది తోలే కదా!

అసలు ఆడవాళ్ళు ఇష్టపడే మగ్గం వర్కు కూడా తోలు పని నుంచి వచ్చిందే. గుజరాత్‌లో కచ్ అనే ప్రాంతం ఉంది. అక్కడ చెప్పులు కుట్టే మోచీలు కొక్కెం ఉన్న ఆరెతో తోలు మీద గొలుసుకుట్టు కుట్టేవాళ్ళు. తర్వాత అదే పనిని పట్టు గుడ్డ మీదకి తెచ్చారు. రాజుల ఇళ్ళకి కుట్టి ఇచ్చారు. జాకెట్ల మీద పూసలు కుట్టే ఆరీ సూది ఆ ఆరెకి చెల్లెలే. రాజస్థాన్‌లో జోధ్‌పూర్ వైపు మోజరీలని ముక్కు తిరిగిన చెప్పులు చేస్తారు. చెప్పు చేసేది మగవాళ్ళు. పైతోలు మీద పువ్వులు కుట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే.

కుట్టే ముందు

పాత తోలుని నీళ్ళలో నానబెట్టకూడదు. తడి గుడ్డ పిండి, దానితో తుడిచి, నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే బిరుసెక్కుతుంది. బూజు ఉంటే ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆరుబయట దులపండి. వేడి ఇస్త్రీ పెట్టవద్దు. ముడుచుకుపోతుంది.

గుడ్డని బిగించినట్టు తోలుని ఎంబ్రాయిడరీ రింగులో బిగించకూడదు. రింగు అచ్చు తోలు మీద పడితే పోదు. ఇందుకు ఒక ఉపాయం ఉంది. గంజి పెట్టిన ముతక నూలు గుడ్డని రింగులో బిగించండి. దాని మీద తోలు ముక్కని అతికించండి. సైకిలు షాపులో దొరికే సొల్యూషన్ చాలు. అంచులకి మాత్రమే రాయాలి. పువ్వు వచ్చే చోట రాస్తే సూదికి బంక పట్టి దారం తెగుతుంది. గుండుసూదులు గుచ్చవద్దు. అవీ చిల్లులే.

పువ్వు బొమ్మని పలచటి కాగితం మీద గీసుకోండి. కాగితాన్ని తోలు మీద పెట్టి, అంచులు అతికించి, కాగితంతో సహా కుట్టండి. పని అయ్యాక కాగితం చింపేస్తే గీతలు తోలు మీద ఉండవు.

మిషను మీద

“అక్కా, నాది మా అమ్మ ఇచ్చిన పాత మిషను. తోలు కుడితే పాడవదా?” అని అడుగుతారు. పలచటి తోలు ఒక పొర, కింద గుడ్డ ఒక పొర అయితే పాడవదు. ముందు చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. సూది సాఫీగా దిగితే సరే. వంగినా, మిషను మూలిగినా ఆపెయ్యండి. ఆ తోలు మీ మిషనుకి కాదు.

పళ్ళు కిందికి దించాలి. దిగని మిషను అయితే పైన రేకు మూత బిగించాలి. ఎంబ్రాయిడరీకి వాడే స్ప్రింగు పాదం ఉంటే పెట్టుకోండి. పాదం లేకపోతే సూది పైకి లేచేటప్పుడు తోలు కూడా లేస్తుంది. కుట్టు తప్పుతుంది. సూది 14 నంబరు, కొత్తది కావాలి. కాస్త మందం తోలుకి 16. తోలు సూది అని వేరే ఉంటుంది. దాని మొన కత్తిలా కోస్తుంది. సంచి అంచులు కలిపి కుట్టడానికి అది మంచిది. పువ్వులకి వాడితే చిల్లు పెద్దదవుతుంది.

నూలు దారం వద్దు. తోలులోని రసాయనాలకీ చేతి చెమటకీ అది తొందరగా చివుకుతుంది. పాలిస్టర్ దారం వాడాలి. బిగువు కొంచెం తగ్గించాలి.

ఇక అసలు నేర్పు చేతిలో ఉంది. కాలు మెల్లగా ఆడాలి. చెయ్యి ఒకే తీరుగా కదలాలి. చెయ్యి ఆగి కాలు ఆడితే, ఒకే చోట నాలుగు చిల్లులు పడి తోలు తెగుతుంది. మలుపు దగ్గరే అందరూ తడబడతారు. అక్కడ కాలు ఆపండి. సూది కిందికి దించి ఉంచి, రింగు తిప్పి, మళ్ళీ మొదలుపెట్టండి. చివర వెనక్కి ముందుకి కుట్టి ముడి వెయ్యకూడదు. దారాన్ని అడుగు వైపుకి లాగి, చేత్తో ముడి వెయ్యాలి. మొదటి రోజు మంచి ముక్క ముట్టుకోవద్దు. చిత్తు ముక్కల మీద పది తీగలు కుట్టాక చెయ్యి కుదురుతుంది.

లెక్క

నోటుపుస్తకంలో ప్రతి ఖర్చూ రాయండి. ఒక పర్సుకి తోలు 40 రూపాయలు, జిప్పు 15, దారం, సొల్యూషన్ 10 అయ్యాయి అనుకుందాం. మొత్తం 65. దాన్ని 100కి అమ్మితే 35 మిగిలినట్టు కనిపిస్తుంది. కాని కుట్టడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల కూలి ఎక్కడ? చాలామంది ఆడవాళ్ళు తమ కష్టాన్ని లెక్కలో రాయరు. కొనేవాడు బేరం ఆడేటప్పుడు ఆ కాగితం చూసుకుని, దిగగలిగినంత వరకే దిగండి.

మిగిలిన ముక్కల్ని పొయ్యిలో వెయ్యవద్దు. పూర్వం తోళ్ళని తంగేడు చెక్కతో, కరక్కాయతో శుద్ధి చేసేవారు. ఇప్పుడు ఎక్కువ తోళ్ళకి క్రోమియం లవణాలు వాడుతున్నారు. అలాంటి తోలు కాలితే విషపు క్రోమియం తయారయ్యే ప్రమాదం ఉంది. బూడిదని అంట్లు తోమడానికీ వాడకూడదు. వేలెడంత ముక్క ఉన్నా తాళంచెవుల బిళ్ళ అవుతుంది. దాని మీద ఒక చిన్న ఆకు కుట్టండి.