గార్డన్ సేనాని లేఖలు: సేకరణమునందలి మెలకువలు

మహాపురుషుల చరిత్రకు వారి స్వహస్తలేఖలు మిక్కిలి దగ్గఱి సాక్ష్యములు. అయినను ఒంటరిగా దొరికిన లేఖ సత్యమునకు మాఱు భ్రాంతిని కలిగింపవచ్చును. విక్టోరియా రాణి కాలపు బ్రిటిషు సేనాని చార్లెస్ జార్జి గార్డన్ లేఖలు ఇందుకు తగిన నిదర్శనములు.

గార్డన్ 1833 జనవరి 28వ తేదీన ఊలిచ్‌లో జన్మించెను. క్రిమియా, చీనా, సూడాను దేశములందు పనిచేసెను. 1880లో రాజప్రతినిధి రిప్పన్ ప్రభువునకు ఆంతరంగిక కార్యదర్శిగా బొంబాయి చేరి, కొలది దినములకే ఆ పదవిని విడిచెను. దేశాంతరములనుండి అక్క అగస్టాకు జాబులు వ్రాయుచుండెను. వానినుండి ఏర్చికూర్చిన సంపుటము 1888లో అచ్చయినది.

1884లో మహ్దీ సేనలు ఖార్టూమ్ నగరమును ముట్టడించినవి. సెప్టెంబరులో గార్డన్ పంపిన పొగయోడ దారిలో చిక్కి, అందలి కాగితములు శత్రువుల పాలయ్యెను. నగరము గుట్టు తనకు తెలియునని మహ్దీయే అక్టోబరులో గార్డన్‌కు వ్రాసెను. నాటినుండి కాగితముపై నిజము వ్రాయుట ప్రమాదమయ్యెను.

డిసెంబరు 14వ తేదీన, తపాలాబిళ్లంత కాగితముపై, ఖార్టూమ్ క్షేమముగా నున్నదని గార్డన్ వ్రాసి పంపెను. అది డిసెంబరు 31న కోర్తీ శిబిరమున ఉల్స్‌లీ సేనానికి చేరినది. కాని దూత నోట వచ్చిన వార్త వేఱు: తిండి తరిగినది, త్వరగా రావలెనని. అదే తేదీన దినచర్యలో, పది దినములలో సాయము రానిచో నగరము పడిపోవచ్చునని గార్డన్ వ్రాసికొనెను. 1885 జనవరి 26న నగరము పడెను, గార్డన్ హతుడయ్యెను. సహాయకుల నౌకలు 28న గాని రాలేదు.

ఆ చిన్న చీటి యొక్కటియే మిగిలినచో ముట్టడి కథ తలక్రిందగును. దినచర్య, దూత వాక్యము తోడైననే దాని యర్థము తేటపడును. దినచర్య వ్రాతప్రతి నేడు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగా నున్నది.

కావున సేకర్త జాబులను తేదీక్రమమునుండి విడదీయరాదు. కవరును, వెనుకవైపు వ్రాతను పాఱవేయరాదు. సంతకముకొఱకు కాగితమును కత్తిరింపరాదు. ఎవరినుండి లభించినదో వెంటనే గుర్తింపవలెను. నకలు వ్రాయునపుడు తప్పులను దిద్దక, చదువరాని తావులను అట్లే సూచింపవలెను. అచ్చుప్రతిలో సంపాదకులు విడిచిన భాగములుండవచ్చును గనుక మూలముతో పోల్చిచూడవలెను. నాటి యినుపసిరా కాలక్రమమున కాగితమును తినివేయును. ఎండ, తేమ తగులనీయక, జిగురుపట్టీలు అంటింపక దాచవలెను.

పరప్రాంతములందు తరతరములుగా స్థిరపడిన కుటుంబముల పెట్టెలలోని పాత జాబులకును ఈ నియమములే వర్తించును. జాబును వ్రాసినవారి మాటతోపాటు, దానిని మోసితెచ్చినవారి మాటయు దక్కినప్పుడే చరిత్ర దక్కును.