నెబో కొండ మీద నిలబడిన నాయకుడు

యొర్దానుకు ఆవల వాగ్దాన దేశం. ఈవల నెబో కొండ మీద నూట ఇరవై ఏళ్ల మోషే. నలభై ఏళ్లు సణుగుళ్లు భరిస్తూ జనాన్ని నడిపించిన ఆ దైవజనుడు ఆ దేశాన్ని కళ్లారా చూశాడు గానీ అందులో కాలు మోపలేదు (ద్వితీ. 34:1-5). ‘పాపం మోషే’ అని జాలిపడటం మనకు అలవాటు. కానీ ఒక జనాన్ని పాత బతుకు నుంచి కొత్త బతుకులోకి నడిపించేవారిలో చాలామందికి చివరికి దక్కేది ఆ కొండే!

మన నేలపైనే అలాంటి ఒక దైవజనుడున్నాడు. తిరునల్వేలి సీమలో 1874లో పుట్టిన తమిళుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. పల్లెపల్లెనా తిరిగిన ఆయనను ఒక విషయం కలచివేసింది. నిన్న మొన్న బాప్తిస్మం పొందిన పేద విశ్వాసి పనికోసం పక్క ప్రాంతానికి వలసపోతే అక్కడ వేరే మిషను, వేరే సంఘం, వేరే ప్రభుబల్ల. ఐరోపాలో ఎప్పుడో రేగిన తగాదాల బరువు ఇక్కడి కూలివాడి నెత్తిన ఎందుకు? 1919లో తరంగంబాడిలో 33 మంది పరిచారకులు సమావేశమై సంఘాల ఐక్యతకు పిలుపునిచ్చారు. వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఆ కూడికకు ముందు నిలిచినవారిలో అజరయ్య ఒకడు.

పిలుపునివ్వడం తేలికే. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. బిషపుల హస్తనిక్షేపణ లేకుంటే అపొస్తలుల నాటి పరంపర తెగిపోతుందని ఆంగ్లికన్ల భయం. మళ్లీ గురుపట్టం పొందమంటే ఇన్నాళ్లూ తాము చేసిన పరిచర్య చెల్లదన్నట్టే కదా అని తక్కినవారి బాధ. రెండు భయాలూ నిజమైనవే. అందుకే ఎవరినీ తోసేయలేదు. ఏళ్ల తరబడి కూర్చున్నారు, వాదించుకున్నారు, కలిసి ప్రార్థించారు, రాసిందే మళ్లీ రాశారు. ఇంగ్లండులో ప్రసిద్ధ కవి టి.ఎస్. ఎలియట్ ఈ ఐక్యతను విమర్శిస్తూ 1943లో ఒక చిన్న పుస్తకమే వేశాడు. దూరాన ఉన్నవారికి మన మార్పులు మరీ ప్రమాదకరంగా కనిపిస్తాయేమో!

చివరికి కుదిరిన ఏర్పాటు చూడండి. అప్పటికే పరిచర్యలో ఉన్న గురువులు యథాతథంగా కొనసాగుతారు, ఎవరికీ మళ్లీ గురుపట్టం అవసరం లేదు. ఇకమీదట గురుపట్టాలన్నీ బిషపుల చేతులమీదుగానే. ఈ రెండు రకాలవారూ కలిసి ఎదగడానికి ముప్పై ఏళ్ల గడువు! అంతకన్నా గొప్పది మరొక మాట. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షి ఒప్పని ఆరాధన పద్ధతినిగానీ కాపరినిగానీ రుద్దబోమని ప్రమాణం చేశారు. ఎన్ని కమిటీల తీర్మానాల్లో ఇలాంటి మాట ఉంటుంది?

1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెతడ్రల్‌లో ఆంగ్లికన్, బ్రిటిష్ మెథడిస్టు సంఘాలూ, ప్రెస్బిటేరియన్లూ కాంగ్రిగేషనలిస్టులూ అప్పటికే కలిసివున్న దక్షిణ భారత ఐక్య సంఘమూ ఏకమై దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. అజరయ్య అక్కడ లేడు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశాడు. తరంగంబాడి నుంచి 28 ఏళ్ల ప్రయాణానికి దాదాపు మూడేళ్లు తక్కువ. అయినా అందరూ రాలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాల్లో పెద్దభాగం ఆ రోజు బయటే ఉండిపోయింది. ఎంత ఓర్పు చూపినా కొందరు రారన్నది కూడా ఈ చరిత్రలో భాగమే.

నా సంగతి ఒప్పుకోవాలి. సెమినరీలో ఈ చరిత్రంతా చదివి పరీక్ష రాసినవాడినే. కాపరిగా తొలినాళ్లలో ఒక పట్టణ సంఘంలో ఉదయం పెద్దల ఆరాధన, సాయంత్రం యువకుల ఆరాధన వేర్వేరుగా జరిగేవి. రెండూ కలపాలనుకున్నాను. ఆలోచన మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఒక ఆదివారం పులిపీఠం మీద నుంచి ప్రకటించి, నెల తిరక్కుండా అమలు చేసేశాను. పన్నెండు కుటుంబాలు రావడం మానేశాయి. వాళ్లలో ఒక పెద్దాయన ఇంటికి ఆలస్యంగా వెళ్లాను. ఆయన కుర్చీ వేయించి, టీ తెప్పించి, “అయ్యగారూ, మీరు చేసింది తప్పని నేననను. మమ్మల్ని ఒక్కమాట అడగలేదు. మా నాన్నగారు ఇటుకలు మోసి కట్టిన గుడి అది” అన్నారు. క్షమించమన్నాను. క్షమించారు కూడా. కానీ తిరిగి రాలేదు. మూడేళ్ల తర్వాత వేరే సంఘం కాపరి ఆయనను భూస్థాపన చేస్తుంటే నేను జనంలో వెనక నిలబడి ఉన్నాను. ఆయన శవపేటిక మీద మట్టి వేయడానికి నా వంతు వచ్చేసరికి చెయ్యి వణికింది.

ఇప్పుడు నేను సేవ చేస్తున్న సంఘంలో మళ్లీ ఒక మార్పు అవసరమైంది. ఆరాధన వేళల సంగతే. కమిటీలో యువకులు తొందరపడుతున్నారు, వాళ్ల తొందర నాకు అర్థమవుతుంది. ప్రకటన మాత్రం ఇంకా చేయలేదు. పాత కుటుంబాలు ముప్పై ఒకటి ఉన్నాయి. తొమ్మిది ఇళ్లకు వెళ్లొచ్చాను. ఈ గురువారం సాయంత్రం పదో ఇల్లు.