మీకు తెలుసా? సీమ ఎండలో బొడిపెల టైరు

కొన్ని కారు టైర్ల పక్కగోడ మీద ‘ట్రెడ్‌వేర్’ అని, దాని పక్కనే 300 అనో 400 అనో ఒక అంకె ఉంటుంది. ఇది అమెరికా ప్రభుత్వం తెచ్చిన కొలమానం. టెక్సాస్‌లో శాన్ ఏంజెలో అనే ఊరి చుట్టుపక్కల సుమారు 640 కిలోమీటర్ల రోడ్డు చుట్టు ఒకటి ఉంది. దాని మీద కార్లను బారుగా తిప్పుతారు. మొత్తం 11,600 కిలోమీటర్ల దాకా నడిచాక టైరు ఎంత అరిగిందో లెక్క కడతారు. నమూనా టైరుకు 100 అనుకుంటే, దానికి రెండింతలు మన్నే టైరుకు 200. శాన్ ఏంజెలో కూడా ఎండకు మాడే ఊరే. కర్నూలు వాళ్లు వేసవిలో అక్కడికి వెళ్తే పెద్దగా తేడా తెలియదు.

మోటారుసైకిల్ టైరుకు మాత్రం ఈ అంకె లేదు. రోడ్డుకూ మట్టికీ రెండింటికీ పనికొస్తుందని అమ్మే బొడిపెల టైరును ఎంత తిప్పి చూసినా కనబడదు. అక్కడ మనకు దొరికేది ‘80/20’, ‘50/50’ అనే మాటే. అంటే రోడ్డు మీద ఇంత, మట్టిలో ఇంత అని. ఇది కంపెనీ తన టైరు గురించి తాను చెప్పుకునేది. దీని వెనుక అందరూ ఒప్పుకున్న పరీక్ష ఏదీ లేదు. కాబట్టి రెండు కంపెనీల 50/50 టైర్లు ఒకేలా అరగాలనే నియమమూ లేదు.

*

కర్నూలు నుంచి కడపకు 40వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 200 కిలోమీటర్లు. ఓర్వకల్లు రాళ్లు, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు. గండికోట చూద్దామని బయల్దేరిన కుర్రాళ్లు మట్టి తొక్కేది చివర్లో కాసేపే. మిగతాదంతా తారు రోడ్డే, అదీ చాలావరకు తిన్నగా. అడ్వెంచర్ బండి అని కొన్నా మన సీమలో దాని బతుకు 90/10 అనే చెప్పాలి.

అందుకే ఇక్కడ వెనక టైరు నడిమధ్యన అరుగుతుంది. ఇంజన్ బలమంతా వెనక చక్రానికే, బండి వాలే మలుపులు తక్కువ. అంచుల్లో బొడిపెలు కొత్తవాటిలా ఉంటాయి, మధ్యలో టైరు బల్లపరుపుగా తయారవుతుంది. అలా అయిన టైరుతో మలుపులో బండి వాల్చితే ఒక మెట్టు దిగినట్టు ఉంటుంది. ముందు టైరు అరుగుదల వేరే రకం. బ్రేకు వేసిన ప్రతిసారీ ఒక్కో బొడిపె ఒకే వైపుకు వంగి, ఒక అంచు ముందుగా అరిగిపోతుంది. చేత్తో ఒక వైపు నిమిరితే నున్నగా, ఇంకో వైపు నిమిరితే రంపంలా తగులుతుంది. హైవే మీద వినబడే ఆ గుయ్‌మనే రొదకు ఒక కారణం ఇదే.

*

కొత్త బొడిపెల టైరు మొదటి 1000 కిలోమీటర్లలో ఎంత అరిగిందో చూసి, దాన్నిబట్టి మొత్తం ఆయుష్షు లెక్కేసుకుంటే తప్పు లెక్కే వస్తుంది. పొడుగ్గా ఉన్న బొడిపె రోడ్డు మీద ఎక్కువగా ఊగుతుంది. ఊగినకొద్దీ లోపల వేడి పుడుతుంది, వేడెక్కిన రబ్బరు తొందరగా అరుగుతుంది. పొట్టిదయ్యాక ఊగడం తగ్గుతుంది, అరుగుదలా నెమ్మదిస్తుంది. రెండు టైర్లను పోల్చాలంటే ఒక్కో మిల్లీమీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో రాసుకోవాలి. అదీ మధ్య గాడిలో, అన్నిసార్లూ ఒకేచోట కొలవాలి. ఎడం ఎడంగా పెద్ద బొడిపెలున్న మెత్తటి టైరుకు, రోడ్డు టైరు ఇచ్చే దూరంలో సగం కూడా రాకపోవచ్చు. దుకాణదారు ఈ మాట చెప్పడు. చెబితే అమ్ముడుపోతుందా!

*

మే నెలలో ఉదయం పూట 28 డిగ్రీల్లో వెనక టైరులో 32 పాయింట్ల గాలి పట్టారనుకుందాం. మధ్యాహ్నానికి, రోడ్డు కాగి టైరు 60 డిగ్రీలకు చేరితే, లోపలి ఒత్తిడి 37 దాకా పోతుంది. గాలి ఎవరూ కొట్టలేదు, వేడికి అదే పెరిగింది. ‘అమ్మో, ఎక్కువైంది’ అని నంద్యాల దగ్గర ఆగి తీసేస్తే మర్నాడు ఉదయం తక్కువ గాలితో బయల్దేరుతారు. టైరు పక్కలు నలుగుతాయి, ఇంకా వేడెక్కుతుంది, ఈసారి అంచులు అరుగుతాయి. గాలి చూడాల్సింది బండి తీయకముందు, చల్లగా ఉన్నప్పుడే.

*

2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కూ, 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్‌ 200కూ ముందు టైరు కొలత ఒకటే: 90/90-21. వెనకవి మాత్రం కలవవు. హిమాలయన్‌ది 120/90-17, ఎక్స్‌పల్స్‌ది 120/80-18. బండ్ల బరువులో దాదాపు 40 కిలోల తేడా. స్నేహితుడి ఎక్స్‌పల్స్‌కు ఎక్కువ కాలం మన్నిన టైరు రకం మీ హిమాలయన్‌కూ అంతే మన్నుతుందని ఆశపడకండి. 2023 చివర్లో వచ్చిన కొత్త 450 హిమాలయన్‌కు వెనక 140/80-17. అది ఇంకో కథ.

*

సీమ నేలలో టైరుకు ఎదురయ్యేవి ముఖ్యంగా రెండు రాళ్లు. ఒకటి బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు దొరికే నాపరాయి. ఇది సున్నపురాయి జాతి, మెత్తనిది. బెలూం గుహలను నీళ్లు తొలిచింది ఈ జాతి రాతిలోనే. రెండోది గండికోట లోయలోనూ నల్లమలలోనూ కనిపించే క్వార్ట్‌జైట్. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద సున్నపురాతిలోని ఖనిజానికి 3, క్వార్ట్‌జైట్‌లోని దానికి 7. మామూలు కత్తి అలుగు కూడా క్వార్ట్‌జైట్ మీద గీత పెట్టలేదు. విరిగిన క్వార్ట్‌జైట్ అంచు మీద చక్రం జర్రున తిరిగితే బొడిపె అరగదు, ముక్కగా ఊడి వస్తుంది. ఆ నష్టం ఏ మిల్లీమీటరు లెక్కలోకీ రాదు. అలాగని నాపరాయిని తేలిగ్గా తీసుకోకూడదు. నాపరాళ్లు పరిచిన పల్లె వీధిలో నాలుగు చినుకులు పడ్డాక చూడండి. ఎడం బొడిపెల టైరులో రాతికి ఆనే రబ్బరు తక్కువ, రాయేమో నున్నన. మట్టిలో సింహంలా దూకిన టైరు అక్కడ జారుతుంది. మామూలు రోడ్డు టైరే కొంత నయం.

*

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేల వైపు బండ్లు బారులు తీరుతాయి, వజ్రాల వేటకు. అక్కడి ఎర్రనేల తడిసినా టైరుకు దారిస్తుంది. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి అలా కాదు. నీళ్లు తాగి ఉబ్బే బంకమట్టి అది. బొడిపెల సందుల్లో కూరుకుపోయి, టైరును గుండు చేసి, మడ్‌గార్డు కింద చేరి చక్రాన్ని ఆపేస్తుంది. సందులు వెడల్పుగా ఉంటే, చక్రం వేగంగా తిరిగినప్పుడు మట్టి విసిరికొట్టినట్టు వదులుతుంది. నిదానంగా పోతే ఆ టైరూ ఈ టైరూ ఒకటే. రేగడిలో నాలుగు రోజులు ఆగి వెళ్లడమే అన్నిటికన్నా మంచి టైరని నా ఉద్దేశం.

*

మన నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనం టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గాళ్ల అడుగున అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి, అవెక్కడున్నాయో పక్కగోడ మీద టీడబ్ల్యూఐ అనే అక్షరాలు చూపిస్తాయి. బొడిపెల టైరు ఆ గట్టుదాకా అరగడానికి చాలా ముందే, ఇంకా సగం మిగిలి ఉండగానే, మట్టిలో పట్టు వదిలేస్తుంది. గట్టు చెప్పేది తారు రోడ్డు సంగతి.

*

పక్కగోడ మీదే నాలుగంకెల గడి ఒకటుంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. ఆదివారాలు మాత్రమే తిరిగి, మిగతా రోజులు ఎండలో నిలబడే బండికి ఈ అంకె గాడి లోతు కన్నా ముఖ్యం. అరగకముందే రబ్బరు పగుళ్లు విచ్చుతుంది.

*

ఇక ముల్లు. సీమలో ఎటు చూసినా కనిపించే సర్కారు తుమ్మ మన నేలది కాదు, అమెరికా ఖండాల మొక్క. 1870ల చివర్లో మద్రాసు అటవీ శాఖ వాళ్లు విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించారు. మన దేశంలో ఈ చెట్టుకు సంబంధించిన తొలి నాట్లలో అదొకటి. కడప నుంచి ఎర్రగుంట్ల మీదుగా గండికోటకు పోయేవాళ్లు ఆ కమలాపురం దాటే వెళ్తారు. ముల్లు దిగేది బొడిపెల మీద కాదు, వాటి నడుమ సందుల్లో, రబ్బరు పలచగా ఉన్నచోట. ఎడం బొడిపెల టైరులో ఆ సందులే ఎక్కువ. పాత హిమాలయన్‌లా ట్యూబు ఉన్న బండి అయితే గాలి ఒక్కసారిగా దిగిపోతుంది. ట్యూబ్‌లెస్‌లో ముల్లు పీకకుండా ఉంచితే, నెమ్మదిగా దిగుతూ తర్వాతి ఊళ్లో పంచర్ షాపు దాకా లాక్కెళ్తుంది.