బీడు చెప్పు భూగోళ పాఠము

భూమి యొక్కటే అయినను పల్లెటూరి రైతు దానిని ఒక్క పేరుతో ఎన్నడును పిలువలేదు. నీరు పారునది మాగాణి, వానకు ఎదురుచూచునది మెట్ట. తెలంగాణమున రెవెన్యూ దస్తరములు మొదటిదానిని తరి యనియు, రెండవదానిని ఖుష్కి యనియు వ్రాసికొన్నవి. ఎర్రని గరుకు నేల చెలక, నల్లనిది రేగడి, చెరువు గర్భము శిఖము, పశువులు మేయునది బంచరాయి, దున్నక విడిచినది బీడు. వ్యవసాయ భూగోళము, గ్రామీణ భూ వినియోగము అను పెద్ద పేర్లతో కళాశాలలలో బోధింపబడు శాస్త్రమునకు పునాది ఈ చిన్న మాటలలోనే కలదు. ఏ నేలలో ఏమి పండును? ఎందువలన అక్కడనే పండును? ఎప్పుడు పండుట మానును? ఆ శాస్త్రము అడుగు ప్రశ్నలు ముఖ్యముగా ఈ మూడే. మొదటి రెంటికి పాఠ్యపుస్తకములు తృప్తికరముగనే సమాధానము చెప్పును. మూడవదానికి సమాధానము బాచుపల్లి వంటి ఊరిలో వెదకవలెను.

హైదరాబాదు నగరమునకు వాయవ్య దిశను, మియాపూరునకు ఉత్తరముగా నున్నది బాచుపల్లి. రంగారెడ్డి జిల్లా కుత్బుల్లాపూర్ మండలములోని గ్రామముగా చిరకాలము లెక్కకు వచ్చిన యీ యూరు, 2016లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు తానే యొక మండల కేంద్రమై మేడ్చల్ జిల్లాలో చేరెను. 2019లో బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్ పంచాయతులు కలిసి నిజాంపేట నగరపాలక సంస్థగా ఏర్పడెను. గ్రామము నగరమైపోయినది. కాగితముపై ఇట్లు జరిగిన మార్పు నేలపై మాత్రము మెల్లమెల్లగా, మెట్టు మెట్టుగా జరిగినది. ఆ మెట్లను గుర్తించుటయే భూగోళ విద్యార్థి పని.

మొదట నేల సంగతి. హైదరాబాదు పరిసరములన్నియు అతి ప్రాచీనమైన నల్లరాతి గుట్టల మీద నున్నవి. ఆ రాయి అరిగి యేర్పడిన ఎర్ర చెలక లోతు తక్కువది, నీటిని ఎక్కువకాలము నిలుపలేనిది. రేగడి తడిని పట్టియుంచును గాని ఎండకు నెర్రెలు వాయును, వానకు బంకయగును. ఈ రెండు జాతుల నేలలును ఒక్కచోటనే దొరకుటచేత, 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థకు బాచుపల్లికి పశ్చిమముననున్న పటాన్‌చెరువు అనుకూలమైన స్థలమైనది. ఏటికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడును. అందు మూడు వంతులు నైరుతి ఋతుపవనముల నాలుగు నెలలలోనే కురియును. రాతి నేల నీటిని లోపల దాచుకొనదు గనుక, మనుష్యుడు దానిని పైననే దాచుకొనవలసి వచ్చెను. అందువలననే తెలంగాణమున గొలుసుకట్టు చెరువులు పుట్టినవి. పై చెరువు నిండి మత్తడి దూకిన నీరు దిగువ కుంటను చేరును. తూము క్రింది తరి పొలములో ఆబి, తాబి యను రెండు కార్ల వరి, ఎగువ ఖుష్కిలో జొన్న, కంది, ఆముదము, గట్టు మీద మేత - ఇట్లు వాలును బట్టి పంట మారుచుండెను. తూము తెరచి మూసి, ఎవరి మడికి ఎంత నీరో పంచుటకు నీరటికాడు ఉండెను. భూ వినియోగమనగా ఒక్కొక్క చెక్క వివరము కాదు. కట్ట, ఆయకట్టు, శిఖము, బంచరాయి అన్నియు ఒక దానినొకటి ఆశ్రయించుకొని యున్న కుటుంబమది.

ఇక దూరము సంగతి. పంటను నిర్ణయించునది నేల సారము మాత్రమే కాదని మొదట లెక్కలతో నిరూపించినవాడు జర్మనీ దేశపు కమతగాడు యోహాన్ హైన్రిఖ్ ఫాన్ ట్యూనెన్. మెక్లెన్‌బర్గ్ ప్రాంతమున తన కమతపు జమాఖర్చులను ఏండ్ల తరబడి వ్రాసి, 1826లో ఆయన ‘ఏకాంత రాజ్యము’ అను గ్రంథమును ప్రకటించెను. సమమైన మైదానము, నడుమ ఒక్క పట్టణము, సరకు చేరవేయుటకు బండి తప్ప వేరు సాధనము లేదు - ఇట్లు భావించినచో పట్టణము చుట్టు పంటలు వలయములుగా ఏర్పడునని ఆయన చెప్పెను. త్వరగా చెడిపోవు పాలు, కూరలు అన్నిటికన్న దగ్గర, బరువైన వంటచెరకు అడవి దాని తరువాత, ధాన్యము ఆపైన, తమ కాళ్ళతో తామే నడచిరాగల పశువులు కడపట.

హైదరాబాదు చుట్టును ఈ వలయముల జాడలు స్పష్టముగా కనబడినవి. నగరమునకు తూర్పున ఉప్పల్, పీర్జాదిగూడ ప్రాంతములలో మూసీ మురుగునీటితో పశుగ్రాసము పెంచి, దినదినము నగరములోని గేదెల కొట్టములకు చేరవేసిరి. నగర పరిసరములలోని అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తోటలకు దేశమంతట పేరు వచ్చెను. పాలు, ఆకుకూరలు, పూలు తెల్లవారకముందే సంతకు చేరవలెను గనుక వాటికి దగ్గరి నేలయే కావలెను. ఇదే సూత్రము ఒక్క ఊరిలోపల గూడ పనిచేయునని 1962లో మైకేల్ చిషోమ్ అను ఆంగ్ల భూగోళశాస్త్రజ్ఞుడు వివరించెను. ఇంటి వెనుక పెరటిలో ఎరువు, నీరు, శ్రమ ఎక్కువ; దూరపు చెలకకు ఏడాదికి నాలుగు మారులు మాత్రమే నడక. మన రైతు దీనిని గ్రంథము చూచి నేర్చుకొనలేదు, కాళ్ళనొప్పి వలన నేర్చుకొనెను.

ట్యూనెన్ సూత్రము ప్రకారము చూచినచో నగరము సమీపించిన కొలది పొలము మరింత శ్రద్ధగా సాగు కావలెను. కాని జరిగినది వేరు. 1998లో మాదాపూరున సైబర్ టవర్సు ప్రారంభమైనది. అంతకు ముందునుండియే బాచుపల్లి పరిసరములకు ఇంజనీరింగు కళాశాలలు, మందుల కర్మాగారములు వచ్చినవి. నగరము చుట్టు 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు పడినది. 2017లో మెట్రో రైలు మియాపూరునకు చేరినది. నగరము దగ్గరైన కొలది చేను పచ్చబడక బీడు పడినది. ఈ విపరీతమును 1967లోనే రాబర్ట్ సింక్లేర్ అను భూగోళశాస్త్రజ్ఞుడు గుర్తించెను. విస్తరించు నగరపు అంచున భూమి యజమాని పంట ధరను గాక స్థలపు ధరను చూచును. రేపు అమ్మబోవు నేలలో నేడు బావి త్రవ్వడు, తోట నాటడు. ట్యూనెన్ వలయములు అక్కడ తలక్రిందులగును.

మన దేశపు భూ వినియోగ గణాంకములలో నేలకు తొమ్మిది తరగతులు కలవు. బాచుపల్లి వంటి ఊళ్ళ కథ వాటిలో నాలుగింటిని వరుసగా చదివిన తెలియును. ఒక్క యేడు మాత్రము పైరు లేనిది ప్రస్తుత బీడు. అది దాటి ఐదేండ్ల వరకు దున్ననిది ఇతర బీడు. ఐదేండ్లు మించినచో సాగుకు పనికివచ్చు బంజరు. చివరకు హద్దురాళ్ళు పాతినపుడు వ్యవసాయేతర భూమి. ఆ మార్పిడికి విధివిధానములు నిర్ణయించుచు 2006లో ప్రత్యేక చట్టము గూడ వచ్చెను.

ఇక్కడనే జాగ్రత్తగా గమనింపవలసిన విషయమున్నది. బీడు రెండు విధములు. నేల అలసినదని విశ్రాంతి ఇచ్చినది ఒకటి. ధర పెరుగునని కాచుకొన్నది మరియొకటి. మొదటి బీడు మరునాటి పైరుకు తల్లి. రెండవదానికి మరునాటి పైరు లేదు. కాని లెక్కల పుస్తకమునకు రెండును ఒక్కటే. పైగా రెండవ బీటిలో లాభనష్టములు ఒక్కరివి కావు. పట్టాదారు కాచుకొనగలడు. కౌలుదారు, కూలి, మేకలు కాచువాడు కాచుకొనలేరు. పొలము అమ్ముడుపోవుటకు ఎన్నో యేండ్ల ముందే, దుక్కి ఆగిన నాడే, వారి బ్రతుకుతెరువు పోవును. ఆ తేదీ యే దస్తావేజులోను కనబడదు.

కష్టము అంతటితో ఆగదు. ఆయకట్టు పోయిన చెరువునకు కాపరులు పోవుదురు. కట్ట తెగిన తన వరి మునుగునని భయపడు రైతు ఉన్నంతకాలము కాలువ పూడిక తీయబడెను, మత్తడికి అడ్డు రానీయబడలేదు. తూము క్రింద మడి లేనప్పుడు ఆ పని ఎవరిదియు కాదు. 2016 సెప్టెంబరు వానలలో, బాచుపల్లి ప్రక్కనున్న నిజాంపేటలో తుర్క చెరువు పొంగి భండారి లేఅవుటులోని ఇండ్ల మధ్య నీరు దినముల తరబడి నిలిచెను. నేలకు పేరు మార్చిరి గాని నీటికి దారి మార్చలేకపోయిరి. తరి యని పెద్దలు వ్రాసిన చోటికి నీరు తన అలవాటు చొప్పుననే వచ్చెను.

నగరము పెరుగరాదనుట వివేకము కాదు. పెరిగిన నగరమునకు ఇండ్లు కావలెను, పనులు కావలెను; భూమి అమ్మి బిడ్డలను చదివించుకొన్న రైతును తప్పుపట్టుటయు న్యాయము కాదు. అయితే ఏ నేల మీద ఇల్లు కట్టవచ్చును, ఏ నేలను నీటికి విడువవలెను అను విచక్షణ పాత పేర్లలోనే కలదు. చెలక గట్టు మీది ఇంటికి లేని అపాయము శిఖములోని ఇంటికి ఉండును.

కనుక ఉపాధ్యాయులు ఈ పాఠము చెప్పునపుడు యూరప్ ఖండపు వలయములతో ఆపివేయక, తమ ఊరి గ్రామ పటమును, పాత పహాణీ నకలును బల్లమీద పరచవలెను. తరి సర్వే నంబర్లకు నీలిరంగు, ఖుష్కికి ఎరుపు, బంచరాయికి పచ్చన పూయించి, పిల్లలను ఆయా చోట్లకు నడిపించి, నేడు అక్కడ ఏమున్నదో వ్రాయింపవలెను. బీడు కనబడినచోట ఒక ప్రశ్న తప్పక అడిగింపవలెను: ఈ నేల విశ్రాంతి తీసికొనుచున్నదా, ధరకై కాచుకొని యున్నదా? కడపటి దుక్కి ఎవరు దున్నిరో, వారిప్పుడు ఏ పనిలో నున్నారో ఆ ఊరి వృద్ధులనుండి తెలిసికొని పటము అంచున వ్రాసికొన్నచో, ఏ గణాంక పట్టికలోను దొరకని గడి ఒకటి నిండును.