ఇరవయ్యో గేటు నుంచి వచ్చిన విజేత

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, లూయీవిల్ నగరపు చర్చిల్ డౌన్స్ రేసుకోర్సులో 1875 నుంచి ఏటా జరుగుతున్న కెంటకీ డర్బీలో మూడేళ్ల వయసున్న థరోబ్రెడ్ గుర్రాలకు మాత్రమే ప్రవేశం ఉంటుంది కాబట్టి, ఏ గుర్రానికైనా దానిని గెలిచే అవకాశం జీవితంలో ఒక్కసారే దక్కుతుంది. థరోబ్రెడ్ అంటే, 17, 18 శతాబ్దాల్లో తూర్పు దేశాల నుంచి ఇంగ్లండుకు చేరిన మగ గుర్రాలకూ అక్కడి ఆడ గుర్రాలకూ కలిగిన సంతతిని ఎంచి, తరతరాలుగా పరుగు కోసమే పెంచుతూ వచ్చిన జాతి. పది ఫర్లాంగుల, అంటే రెండు వేల మీటర్లకు కాస్త పైబడిన ఈ డర్బీని 2022 మే 7న రిచ్ స్ట్రైక్ అనే గుర్రం గెలిచింది. దాని మీద నడిచిన పందెం 80కి 1. అంతకంటే ఎక్కువ నిష్పత్తితో డర్బీ గెలిచిన గుర్రం 1913 నాటి డొనరెయిల్ ఒక్కటే. ఆ విజయాన్ని అందరూ అద్భుతమన్నారు, అది నిజంగా అద్భుతమే. కానీ అద్భుతమని చెప్పి ఊరుకోవడం ఆ గుర్రానికీ, దానిని నడిపిన జాకీకీ అన్యాయం చేయడమే అవుతుంది, ఎందుకంటే ఆ గెలుపునకు కారణాలు కొన్ని ముందు నుంచే అందరి కళ్లెదుట ఉన్నాయి.

80కి 1 అనే లెక్క గుర్రపు కాళ్ల బలాన్ని కొలిచేది కాదు. అమెరికాలో పందెం రేటును ఏ నిపుణుడూ నిర్ణయించడు. పందెం కాసిన వారందరి సొమ్మునూ ఒకే నిధిలో చేర్చి, అందులో నుంచి నిర్వాహకుల వాటా, పన్నులు తీసివేసి, మిగిలినదానిని గెలిచిన గుర్రం మీద కాసిన వారికి పంచుతారు. హైదరాబాద్ మలక్‌పేట రేసులకు వెళ్లే వారికి టోట్ పేరుతో పరిచయమైన పద్ధతి ఇదే. అందువల్ల ఒక గుర్రం మీద ఎంత తక్కువ సొమ్ము పడితే దాని రేటు అంతగా పెరుగుతుంది. ఆ రోజు రిచ్ స్ట్రైక్ మీద రెండు డాలర్లు కాసిన వారికి 163 డాలర్ల 60 సెంట్లు వచ్చాయంటే, గెలుపు కోసం కాసిన మొత్తంలో సుమారు ఒక్క శాతమే ఆ గుర్రం మీద పడిందని అర్థం. అంటే ఆ సంఖ్య గుర్రపు శక్తి కంటే దాని మీద జనం దృష్టి ఎంత తక్కువగా పడిందో తెలుపుతుంది.

దృష్టి పడకపోవడానికి కారణం లేకపోలేదు. కాల్యుమెట్ ఫార్మ్ అనే పేరున్న అశ్వశాలలో పుట్టిన ఈ గుర్రం 2021 ఆగస్టులో పచ్చిక మీద పరిగెత్తిన తొలి రేసులో చిట్టచివర నిలిచింది. సెప్టెంబరు 17న చర్చిల్ డౌన్స్‌లోనే దానిని క్లెయిమింగ్ రేసులో దించారు. ఇది పాల్గొనే ప్రతి గుర్రానికీ ముందుగానే ఒక ధర కట్టే రేసు. రేసు మొదలయ్యేలోగా దరఖాస్తు పెట్టినవారు, ఫలితం ఎలా ఉన్నా, ఆ ధరకే గుర్రాన్ని సొంతం చేసుకోవచ్చు. యజమాని వదులుకోవడానికి సిద్ధపడిన గుర్రాలే సాధారణంగా ఇటువంటి రేసులకు వస్తాయి. రిచ్ స్ట్రైక్ ఆ రేసును పదిహేడు గుర్రపు పొడవులకు పైగా తేడాతో గెలిచింది. అప్పటికే 30,000 డాలర్లకు దానిని అడిగి ఉన్న యజమాని రిక్ డాసన్, శిక్షకుడు ఎరిక్ రీడ్‌ల చేతికి వెళ్లింది. ఆ తరువాత డర్బీ వరకు అయిదు రేసుల్లో మళ్లీ గెలుపు లేదు. పందెగాళ్లు చూసింది ఈ వరుసను.

వంశం మాత్రం వేరే కథ చెబుతోంది. తండ్రి కీన్ ఐస్, 2015లో సారటోగా రేసుకోర్సులో పది ఫర్లాంగుల ట్రావర్స్ స్టేక్స్‌లో, ఆ ఏడాది ట్రిపుల్ క్రౌన్ (డర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ మూడూ గెలవడం) సాధించిన అమెరికన్ ఫారోను ఓడించిన గుర్రం. తల్లి గోల్డ్ స్ట్రైక్ 2005లో కెనడాలో మూడేళ్ల ఆడ గుర్రాల్లో ఛాంపియన్. స్మార్ట్ స్ట్రైక్ అనే మేటి గుర్రం తల్లికి తండ్రి, తండ్రికి తాత కూడా అదే. దూరం పెరిగే కొద్దీ నిలబడే స్వభావం రెండు వైపుల నుంచీ రావడానికి ఆస్కారమున్న పుట్టుక ఇది.

మనుషుల విషయానికి వస్తే, ఎరిక్ రీడ్ పెద్ద రేసుల పేరున్న శిక్షకుడు కాదు. 2016 డిసెంబరులో లెక్సింగ్టన్ దగ్గర ఆయన శిక్షణ కేంద్రం అగ్నిప్రమాదానికి గురై 23 గుర్రాలు చనిపోయాయి. వృత్తినే వదిలేద్దామనుకున్నంత దెబ్బ అది. వెనెజువెలాలో పుట్టిన జాకీ సోనీ లియోన్ ఒహైయో రాష్ట్రపు చిన్న రేసుకోర్సుల్లో రోజువారీ రేసులు గెలుస్తూ వచ్చినవాడే గాని, డర్బీలో అంతకు ముందు ఎన్నడూ పాల్గొనలేదు. చిన్న కోర్సుల్లో ఇరుకు సందుల్లో గుర్రాన్ని నడిపే నేర్పు పెద్ద కోర్సుల ఖ్యాతి కంటే తక్కువదేమీ కాదని ఆ శనివారం తేలింది.

అసలు ఆ గుర్రానికి చోటు దొరకడమే చివరి క్షణంలో జరిగింది. డర్బీలో ఇరవై గుర్రాలే పరిగెత్తాలి; వాటిని నిర్దిష్ట రేసుల్లో సంపాదించిన పాయింట్లను బట్టి ఎంపిక చేస్తారు. రిచ్ స్ట్రైక్ నిరీక్షణ జాబితాలో ఉండగా, శుక్రవారం ఉదయం తొమ్మిది గంటల గడువు ముగియడానికి కొద్ది క్షణాల ముందు ఎథీరియల్ రోడ్ అనే గుర్రాన్ని ఉపసంహరించారు. ఖాళీ అయిన చోటు వల్ల దక్కినది ఇరవయ్యో గేటు, అంటే వరుసలో అన్నిటికంటే బయటి గేటు. వంపులో బయటివైపు పరిగెత్తే గుర్రం లోపలిదాని కంటే ఎక్కువ దూరం తిరగవలసి వస్తుంది కాబట్టి, ఇది మామూలుగా నష్టమే.

లియోన్ ఆ నష్టంతో పోటీ పడలేదు. గేటు తెరుచుకోగానే ముందుకు దూకకుండా వేగం తగ్గించి, గుంపు వెనకగా లోపలి రెయిలింగు పక్కకు చేర్చాడు. ముందు మాత్రం సమ్మర్ ఈజ్ టుమారో, జపాన్ నుంచి వచ్చిన క్రౌన్ ప్రైడ్ ఒకదానినొకటి తరుముతూ తొలి పావు మైలును 21.78 సెకన్లలో దాటాయి. డర్బీ చరిత్రలో అంతకు మించిన వేగపు ఆరంభం లేదు. అర మైలుకు పట్టినది 45.36 సెకన్లు. ఏ గుర్రమైనా పూర్తి వేగాన్ని కొద్ది ఫర్లాంగుల వరకే నిలుపుకోగలదు. తొలి దశలో ఖర్చయిన సత్తువ చివరి దశకు మిగలదు. ఆ వేగాన్ని నడిపించిన సమ్మర్ ఈజ్ టుమారో చివరి స్థానంలో ముగించింది. వెనకబడి సత్తువ దాచుకున్న గుర్రాలకు మాత్రం దారి ఏర్పడింది. దారి ఏర్పడడం వేరు, దానిని చూడగలగడం వేరు. చర్చిల్ డౌన్స్‌లో చివరి తిన్నని దారి దాదాపు 376 మీటర్లు. అక్కడ తన ముందు అలసిపోతున్న మెస్సియర్ అడ్డు రాగా, లియోన్ ఆ గుర్రాన్ని బయటివైపు చుట్టి దాటి, తిరిగి రెయిలింగు పక్కకే వచ్చాడు. పందెగాళ్ల ఫేవరెట్ ఎపిసెంటర్, దానిని వెంటాడుతున్న జాండన్ ఒకదాని మీద ఒకటి దృష్టి పెట్టి పోరాడుతుండగా, వాటి లోపలివైపు నుంచి రిచ్ స్ట్రైక్ దూసుకువచ్చి ముక్కాలు గుర్రపు పొడవు తేడాతో, అంటే రెండు మీటర్లకు లోపు తేడాతో గెలిచింది. మొత్తం సమయం 2 నిమిషాల 2.61 సెకన్లు. ముందున్న గుర్రాలు అలిసిపోవడం అదృష్టమైతే, అలిసే దాకా ఆగి, రెండు మలుపుల్లోనూ దూరం కలిసివచ్చే దారినే పట్టుకోవడం పూర్తిగా లియోన్ నేర్పు.

ఆ తరువాతి కథను దాచి ఈ గెలుపును గొప్ప చేయవలసిన అవసరం లేదు. రెండు వారాల తరువాతి ప్రీక్‌నెస్ స్టేక్స్‌కు గుర్రాన్ని పంపకుండా విశ్రాంతి ఇచ్చారు. ట్రిపుల్ క్రౌన్ అవకాశాన్ని వదులుకున్నందుకు విమర్శలు వచ్చినా, గుర్రపు శరీరాన్ని ముందు చూసిన నిర్ణయం అది, మెచ్చుకోదగ్గది. బెల్మాంట్‌లో ఆరో స్థానం వచ్చింది. తండ్రి అమెరికన్ ఫారోను ఓడించిన ట్రావర్స్‌లోనే, ఆగస్టులో, రిచ్ స్ట్రైక్ నాలుగోదిగా నిలిచింది. ఆ రేసును గెలిచిన ఎపిసెంటర్‌కే ఆ ఏటి మూడేళ్ల మగ గుర్రాల ఛాంపియన్ గౌరవం దక్కింది. అక్టోబరులో లూకాస్ క్లాసిక్‌లో హాట్ రాడ్ చార్లీ చేతిలో తల పొడవు తేడాతో ఓడింది.